సగటు గీత కింద ఎవరున్నారు?
గుంపు లెక్కల్ని కంప్యూటర్లో గ్రాఫుగా గీయడం గురించి

అంకెలతో దళితులకు పాత పేచీ ఉంది. 1932లో ఓటుహక్కు మీద లోథియన్ కమిటీ విచారణ జరిపినప్పుడు, ఇవాళ్టి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో అంటరానివాళ్లు ఎంతమంది అనే ప్రశ్న వచ్చింది. జనాభా లెక్కల అధికారి కోటీ 26 లక్షలన్నాడు. ప్రాంతీయ ప్రభుత్వం 68 లక్షలంది. అక్కడి ఓటుహక్కు కమిటీ అయితే 6 లక్షలే అని తేల్చేసింది. లోథియన్ కమిటీలో సభ్యుడైన అంబేద్కర్ ఈ మూడు అంకెల్నీ తర్వాత తన రచనలో పక్కపక్కన పెట్టి చూపించారు. మనుషులు అదే మనుషులు. 'అంటరానివాడు' అనే గుంపుకు హద్దు ఎక్కడ గీశారన్నదాన్నిబట్టి కోటిమందికి పైగా కాగితం మీద మాయమైపోయారు.

ఇప్పుడు అంకెలు లేవని ఎవరూ అనరు. కలెక్టరాఫీసులో అడిగితే గ్రాఫులే ఇస్తారు, రంగుల్లో ఇస్తారు. కానీ ఆ గ్రాఫుల్లో మన వాడలు కనిపించవు, జిల్లా సగటు కనిపిస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ఉపన్యాసం చాలదు, మన గ్రాఫు మనం గీయగలగాలి. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ ఇవాళ ఉచితంగా దొరుకుతుంది. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన 'ఆర్' అలాంటిదే. అందులో గ్రాఫుల కోసం హాడ్లీ వికమ్ రాసిన 'జీజీప్లాట్2' అనే పొది ఉంది. ఎస్పీఎస్ఎస్, ఎక్సెల్ వాడేవాళ్లకు కూడా కింద చెప్పబోయే సూత్రాలన్నీ వర్తిస్తాయి. మీట ఎక్కడ నొక్కాలో ఏ పుస్తకమైనా చెబుతుంది. నొక్కేముందు గుంపులు ఎలా కట్టాలి, ఏ గుంపును దేని పక్కన పెట్టాలి అన్నదే అసలు పని. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పనిచేసే కార్యకర్తలూ, విద్యార్థులూ, టీచర్లూ ఆ పనిని ఎలా చేయవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. గుంపు లెక్క అంటే ఏమిటి?

మనిషి మనిషికీ ఒక వరుస ఉన్న పట్టిక మన చేతికి దాదాపు ఎప్పుడూ రాదు. మనకు దొరికేది కూడికలు: ఫలానా మండలంలో, ఎస్సీ ఆడవాళ్లు ఇంతమంది, వాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు ఇంతమంది. దీన్నే గుంపు లెక్క అంటాం. ఇందులో మండలం, కులం, ఆడా మగా, పల్లె పట్నం - ఇవన్నీ కొలతలు కావు, పేర్లు. ఎత్తునో, ఆదాయాన్నో కొలిచినట్టు కులాన్ని కొలవం. మనం చూడాలనుకున్న ఫలితం (అక్షరాస్యత అనుకుందాం) పక్కన నిలబడి దాన్ని విడగొట్టి చూపించే ఈ పేర్లను 'తోడు గుణాలు' అందాం.

ప్రభుత్వ పట్టికలు అడ్డంగా సాగి ఉంటాయి: ఎస్సీ మగ, ఎస్సీ ఆడ, ఎస్టీ మగ, ఎస్టీ ఆడ అని ఒక్కోదానికి ఒక్కో నిలువు వరుస. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సాఫ్ట్‌వేర్‌కు పనికిరాదు. దాన్ని నిలువుగా మార్చుకోవాలి. ఒక్కో గుంపుకు ఒక్కో అడ్డవరుస. నిలువు వరుసలు ఆరు: మండలం, సామాజిక వర్గం, ఆడా మగా, పల్లె పట్నం, మొత్తం మనుషులు, వాళ్లలో అక్షరాస్యులు. శాతాన్ని పట్టికలో ఉంచుకోవద్దు. మనుషుల సంఖ్యలు రెండూ ఉంచుకుంటే శాతం ఎప్పుడైనా వస్తుంది. శాతం ఒక్కటే ఉంచుకుంటే మనుషులు తిరిగి రారు.

ఇక్కడే మొదటి గుంట ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఒక వరుస అంటే ఒకటే లెక్క. 200 మంది ఎస్సీలున్న మండలమూ, 20,000 మంది ఎస్సీలున్న మండలమూ దానికి సమానమే. రెండింటి శాతాలూ కూడి సగటు తీయమంటే కళ్లు మూసుకుని తీసేస్తుంది. ఈ వరుసకు ఇంత బరువు ఉందని మనం విడిగా చెప్పాలి. మండలాల శాతాలు సగటు చేస్తే జిల్లా శాతం రాదు. మనుషుల్ని కూడి, అక్షరాస్యుల్ని కూడి, అప్పుడు భాగించాలి.

2. కులానికి అంకె వేస్తే వచ్చే చిక్కు

సర్వే ఫారాల్లో కులానికి అంకెలు వేయడం అలవాటు: 1 ఎస్సీ, 2 ఎస్టీ, 3 బీసీ, 4 ఓసీ. కంప్యూటర్ వాటిని నిజం అంకెలే అనుకుంటుంది. సగటు కులం 2.6 అని జవాబిస్తుంది. ఎస్సీకి నాలుగింతలు ఓసీ అని లెక్కిస్తుంది. కులాల మీదుగా ఒక గీత లాగి, 'కులం ఒక మెట్టు పెరిగితే ఆదాయం ఇంత పెరుగుతుంది' అని చెబుతుంది. మనువు కూడా ఇంత తేలిగ్గా నిచ్చెన వేయలేదు!

అందుకని ఆ వరుస అంకె కాదనీ, పేరనీ ముందే చెప్పాలి. 'ఆర్'లో దీన్ని ఫ్యాక్టర్ అంటారు. ఫ్యాక్టర్ అని చెప్పగానే ఇంకో సంగతి బయటికొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ పేర్లను తనంతట తాను అక్షరక్రమంలో పేరుస్తుంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో బీసీ ముందు, తర్వాత ఓసీ, ఎస్సీ, ఎస్టీ. రిగ్రెషన్ చేస్తే మొదటి పేరునే కొలబద్ద చేసుకుని, మిగతా అందరూ దానికి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చూపిస్తుంది. ఎవరిని కొలబద్దగా నిలబెట్టాలన్నది అక్షరమాల తేల్చాల్సిన విషయం కాదు. ఎస్సీలకూ ఓసీలకూ మధ్య ఉన్న దూరం చూడాలంటే ఓసీని కొలబద్ద చేయాలి. ఎస్సీల లోపలి దూరాలు చూడాలంటే అక్కడే ఒక కులాన్ని కొలబద్ద చేయాలి. గ్రాఫులోనూ అంతే. పేర్లను అక్షరక్రమంలో వదిలేయకుండా, విలువల వరుసలోనో మనం అడిగే ప్రశ్న వరుసలోనో పెట్టుకోవాలి.

కులానికీ కులానికీ మధ్య గీత కలపకూడదు. గీత అంటే మధ్యలో కూడా ఏదో ఉందని అర్థం. 2001 నుంచి 2011కు గీత గీయొచ్చు, ఎందుకంటే మధ్యలో సంవత్సరాలున్నాయి. మాలకూ మాదిగకూ మధ్య అలాంటిదేమీ లేదు. అక్కడ చుక్కలు చాలు.

3. పేర్ల దగ్గరే అసలు గొడవ

సాఫ్ట్‌వేర్ పుస్తకాలు 'గుంపుల పేర్లు సరిచూసుకోండి' అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతాయి. మన ప్రాంతంలో ఆ ఒక్క ముక్కే సగం పని.

చిత్తూరు పల్లెల్లో ఊరికి ఎడంగా ఉన్న వాడల పేర్లు గమనించండి. హరిజనవాడ, దళితవాడ, ఆది ఆంధ్రవాడ. రికార్డుల్లో ఏ.ఏ.డబ్ల్యూ. అని పొడి అక్షరాలుంటాయి. 'ఆది ఆంధ్ర' అనేది పుట్టుకతో వచ్చిన కులం పేరు కాదు, పోరాటంతో వచ్చిన పేరు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అనే మాటల బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను ఒప్పుకుంది. ఆ పేరుతో మాలలూ రాయించుకున్నారు, మాదిగలూ రాయించుకున్నారు. తమిళ సరిహద్దు మండలాల్లో ఆది ద్రావిడ, అరుంధతీయ పేర్లు కూడా ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఇవన్నీ విడివిడి పేర్లు.

ఇప్పుడు ఒక విద్యార్థి కులంవారీగా చదువుల గ్రాఫు గీశాడనుకుందాం. మాల ఒక చుక్క, మాదిగ ఒక చుక్క, ఆది ఆంధ్ర ఒక చుక్క. మూడో చుక్క ఎవరిది? దాన్ని ఏదో ఒకదాంట్లో కలిపేస్తే గ్రాఫు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఆ కలపడం అతని ఊహ. విడిగా ఉంచి, ఈ పేరు కింద ఒకటికన్నా ఎక్కువ కులాలున్నాయని గ్రాఫు కిందే రాయడం నిజాయితీ.

ఈ పేర్ల కట్టలు కాలంతో పాటు మారాయి కూడా. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ రిజర్వేషన్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుంపులు చేశారు. 1, 7, 6, 1 శాతాలు. 2000లో దానికి చట్టం వచ్చింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో దాన్ని కొట్టేసింది. మళ్లీ అందరూ ఒకే గుంపు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉప వర్గీకరణ చెల్లుతుందంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు గుంపులు చేసింది: 1, 6.5, 7.5 శాతాలు. వర్గీకరణ మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఏ అభిప్రాయం వాళ్లకైనా లెక్క చూసుకోవాల్సిన అవసరం మాత్రం ఒకటే. ఉమ్మడి రాష్ట్రంలో 2001 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీల్లో మాదిగలు 49.2 శాతం, మాలలు 41.6 శాతం. మిగతా కులాలన్నీ కలిపి పదో వంతు కూడా లేవు. 'ఎస్సీ' అని ఒకే కడ్డీ గీస్తే అందులో రెల్లి ఎక్కడా కనిపించదు.

పట్టికలో దీనికి ఉపాయం సులభం. కులం పేరు రికార్డులో ఉన్నదున్నట్టు ఒక నిలువు వరుసలో ఉంచాలి. 1997 గుంపు, 2025 గుంపు అని పక్కన వేరే వరుసలు చేసుకోవాలి. మొదటిదాన్ని ఎప్పుడూ చెరపకూడదు. గుంపులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు, కలిపేసినదాన్ని విడగొట్టడం కుదరదు.

ఇంకో గుంపు అసలు ఈ లెక్కలోకే రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవుడిగా రాయించుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. వాడ అదే, బావి అదే, కూలీ అదే, పట్టికలో గడి వేరు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ పనిచేసిన మదనపల్లె వైపు సర్వే చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన సొంత సర్వేలో కులం ఒక ప్రశ్నగా, సర్టిఫికెట్టులో ఏముంది అన్నది ఇంకో ప్రశ్నగా అడగాలి.

ఊళ్ల హద్దులకూ ఇదే సూత్రం. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య చీలింది. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు మండలాలు కూడా వచ్చాయి. 2011 చిత్తూరునూ ఇవాళ్టి చిత్తూరునూ ఒకే గీతలో కలిపితే, మార్పు చదువులో వచ్చిందో హద్దులో వచ్చిందో తెలియదు. మండలాల దగ్గర మొదలుపెట్టి, ఒకే మండలాల కట్టను రెండు కాలాలకూ కట్టుకోవాలి.

4. రెండు గుణాలు ఒకే బొమ్మలో

2011 జనాభా లెక్కల నుంచి దేశం మొత్తానికి అక్షరాస్యత శాతాలు చూడండి.

మొత్తం జనాభా: మగ 80.9, ఆడ 64.6
ఎస్సీ: మగ 75.2, ఆడ 56.5
ఎస్టీ: మగ 68.5, ఆడ 49.4

మామూలుగా దీన్ని ఆరు కడ్డీలుగా గీస్తారు. కడ్డీలన్నీ పొడుగ్గానే కనిపిస్తాయి, తేడా కంటికి ఆనదు. దానికన్నా చుక్కలు మేలు. నిలువున మూడు వర్గాల పేర్లు, అడ్డంగా శాతం. ఒక్కో వర్గానికి ఒకే వరుసలో రెండు చుక్కలు, ఆడవాళ్లకు ఒక రంగు, మగవాళ్లకు ఒక రంగు, మధ్యలో సన్నటి గీత. ఈ గీత కులాల్ని కలపడం లేదు, ఒకే వర్గంలో ఆడా మగా మధ్య దూరాన్ని చూపిస్తోంది. కోణాలనూ వైశాల్యాలనూ కన్నా, ఒకే కొలబద్ద మీద చుక్క ఎక్కడుందో చూడ్డంలో మన కన్ను తక్కువ తప్పు చేస్తుందని 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ ప్రయోగం చేసి చూపించారు. పైచార్టులు పక్కన పెట్టమనేది అందుకే.

ఆ గీతల పొడవు కొలిస్తే మొత్తం జనాభాలో 16.3, ఎస్సీల్లో 18.7, ఎస్టీల్లో 19.1. అంటే కులం భారం ఒకటి, ఆడదైనందుకు భారం ఒకటి అని విడివిడిగా కూడితే సరిపోదు. రెండూ కలిసిన చోట ఇంకాస్త బరువు పడుతోంది. గణాంక శాస్త్రం దీన్ని గుణాల పరస్పర ప్రభావం అంటుంది. దళిత మహిళలు తమ సమస్య మగవాళ్ల లెక్కలోనూ సరిగా రాదు, అగ్రకుల ఆడవాళ్ల లెక్కలోనూ రాదని చెబుతున్నది ఇదే. గ్రాఫులో గీతలు సమాన పొడవులో లేకపోవడమే దానికి గుర్తు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. అవే అంకెల్ని తిరగేసి, చదువు రానివాళ్ల శాతం చూడండి. మగవాళ్లలో మొత్తం 19.1, ఎస్సీ 24.8. అంటే 1.30 రెట్లు. ఆడవాళ్లలో మొత్తం 35.4, ఎస్సీ 43.5. అంటే 1.23 రెట్లు. తీసివేతలో చూస్తే కుల దూరం ఆడవాళ్లలో ఎక్కువ (8.1, మగవాళ్లలో 5.7). రెట్లలో చూస్తే మగవాళ్లలో ఎక్కువ. రెండూ నిజమే. ఏది గీశామో గ్రాఫు మీద రాయాలి. రాయకపోతే అవతలివాడు రెండోది గీసుకొచ్చి మనది అబద్ధమంటాడు.

ఇంకొకటి. 'మొత్తం' అనేది ఎస్సీ, ఎస్టీల పక్కన నిలబడే గుంపు కాదు, వాళ్లు అందులోనే ఉన్నారు. మనల్ని మనం కలిసి ఉన్న సగటుతో పోల్చుకుంటే దూరం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మొత్తం మనుషుల్లోంచి ఎస్సీ, ఎస్టీ మనుషుల్ని తీసేసి, అక్షరాస్యుల్లోంచి కూడా తీసేసి, మిగిలినవాళ్లతో పోల్చాలి. మనుషుల సంఖ్యలు ఉంచుకోమన్నది ఇందుకే.

మూడో గుణం, పల్లె పట్నం, చేర్చాలంటే ఒకే బొమ్మలో కుక్కొద్దు. పల్లెకు ఒక గడి, పట్నానికి ఒక గడి, పక్కపక్కన. జీజీప్లాట్‌లో వీటిని ఫాసెట్లు అంటారు. గడులన్నిటికీ ఒకే కొలబద్ద ఉండాలి. గడికో కొలబద్ద పెట్టుకునే వీలు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. అది వాడితే 10 శాతం తేడా, 40 శాతం తేడా ఒకే ఎత్తులో కనిపిస్తాయి.

5. కలిపితే ఒకటి, విడగొడితే ఒకటి

ఇక్కడి అంకెలు అర్థం కావడానికి నేను ఊహించి వేసినవి, ఏ మండలానివీ కావు. ఒక మండలంలో పదో తరగతి రాసిన ఎస్సీ పిల్లలు 200 మంది, ఇతరులు 200 మంది. ఎస్సీల్లో 160 మంది పల్లె బడిలో, 40 మంది పట్నం బడిలో. ఇతరుల్లో 60 మంది పల్లె బడిలో, 140 మంది పట్నం బడిలో. పల్లె బడిలో ఎవరైనా సరే 60 శాతమే పాసయ్యారు, పట్నం బడిలో ఎవరైనా సరే 80 శాతం.

కలిపి లెక్కేస్తే ఎస్సీల్లో 96, 32 కలిపి 128 మంది, అంటే 64 శాతం. ఇతరుల్లో 36, 112 కలిపి 148 మంది, 74 శాతం. పది శాతం తేడా. రెండు గడులుగా విడగొట్టి గీస్తే తేడా సున్నా!

ఈ బొమ్మ చూపించి, 'చూశారా, కులం లేదు, ఉన్నది పల్లె పట్నం తేడానే' అంటారు. చాలామంది మనవాళ్లు ఇక్కడే నోరు మూసుకుంటారు. ఆ పని చేయొద్దు. విడగొట్టిన బొమ్మ తప్పేం కాదు, ఒక ముఖ్యమైన సంగతి చెబుతోంది: ఒకే బడిలో పడితే పిల్లలు సమానంగానే పాసవుతున్నారు, కాబట్టి తెలివి తేడా అనే వాదన చెల్లదు. కానీ అది అడగని ప్రశ్న ఒకటుంది. ఎస్సీల్లో 160 మంది పల్లె బడిలోనే ఎందుకున్నారు? పట్నంలో ఇల్లు, బస్సు ఖర్చు, ఫీజు ఎవరికున్నాయి? బడిని ఎంచిపెట్టింది కులమైతే, బడిని పక్కకు తీసి 'మిగిలిన' కులాన్ని కొలవడం అంటే, కులం నడిచిన దారిని మూసేసి కులం రాలేదనడమే. అందుకని రెండు బొమ్మలు కావాలి. ఒకటి, బడి లోపల పాస్ శాతం. రెండు, ఏ కులం పిల్లలు ఏ బడిలో ఎంతమంది. రెండోదానికి మొజాయిక్ బొమ్మ బాగుంటుంది. అందులో పలకల వెడల్పే మనుషుల సంఖ్య.

విడగొట్టడం మనకు ఎదురు తిరిగిన సందర్భాలూ లోకంలో ఉన్నాయి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1973 అడ్మిషన్ల లెక్క ప్రసిద్ధం. మొత్తం మీద మగవాళ్లకు 44 శాతం సీట్లు, ఆడవాళ్లకు 35 శాతం. వివక్ష స్పష్టం అనిపిస్తుంది. శాఖలవారీగా విడగొడితే తేడా దాదాపు పోయింది. ఒక పెద్ద శాఖలో అయితే ఆడవాళ్లకు 82 శాతం, మగవాళ్లకు 62 శాతం. ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు పెట్టింది సీట్లు తక్కువున్న శాఖలకు. మరి వాళ్లు ఆ శాఖలకే ఎందుకు వెళ్లారన్నది అంతకుముందు బడిలో, ఇంట్లో జరిగిన కథ. ఇందులో ఆరు పెద్ద శాఖల పట్టిక 'ఆర్' సాఫ్ట్‌వేర్ లోపలే ఉంది. టీచర్లు క్లాసులో దీన్ని గీయించి, తర్వాత మన విశ్వవిద్యాలయాల్లో శాఖలవారీగా రోస్టర్ లెక్క మీదికి పిల్లల్ని తీసుకురావచ్చు.

6. ఊరి శాతం మనిషి సంగతి చెప్పదు

జనాభా లెక్కల ఊరివారీ పట్టికలో ఎస్సీలు ఎంతమందో ఉంటుంది, ఊరంతటి అక్షరాస్యులు ఎంతమందో ఉంటుంది. ఎస్సీల్లో అక్షరాస్యులు ఎంతమందో ఉండదు. అయినా చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఊరికో చుక్క పెట్టి, అడ్డంగా ఎస్సీ శాతం, నిలువుగా అక్షరాస్యత శాతం వేసి, చుక్కలు పైకి పోతున్నాయా కిందికి పోతున్నాయా అని చూసి ఎస్సీల చదువు మీద తీర్పు చెప్పేస్తారు.

ఇది చెల్లదని 1950లోనే రాబిన్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చూపించాడు. 1930 అమెరికా జనాభా లెక్కల్లో, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో చదువు ఎక్కువగా ఉంది. మనిషి మనిషిగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లలోనే చదువు కొంచెం తక్కువ. వాళ్లు బతుకుతెరువు కోసం బడులు బాగున్న రాష్ట్రాలకు వచ్చారు, అంతే. మన దగ్గర కూడా ఒక పట్నం పక్క ఊరిలో ఎస్సీలు ఎక్కువుండి, ఊరి అక్షరాస్యత బాగుండొచ్చు. అది ఎస్సీల అక్షరాస్యత కాకపోవచ్చు. ఊరి చుక్క ఊరి సంగతే చెబుతుంది. వాడ సంగతి కావాలంటే వాడలో లెక్క తీయాలి.

7. భూమి లెక్క: సమానం కాని తరగతులు

వ్యవసాయ గణన కమతాల్ని అయిదు తరగతులు చేస్తుంది: ఒక హెక్టారు లోపు, 1 నుంచి 2, 2 నుంచి 4, 4 నుంచి 10, 10 పైన. ప్రతి తరగతినీ ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని విడగొడుతుంది. మన పనికి బంగారం లాంటి పట్టిక. కానీ తరగతుల వెడల్పు సమానం కాదు, మొదటిదాని వెడల్పు 1, నాలుగోదాని వెడల్పు 6. అయిదూ ఒకే వెడల్పు కడ్డీలుగా గీసి ఎత్తుకు కమతాల సంఖ్య వేస్తే భూమి పంపకం ఆకారం వంకర పోతుంది. సంఖ్యను తరగతి వెడల్పుతో భాగించి గీయాలి. చివరి తరగతికి పై హద్దే లేదు కాబట్టి దాన్ని విడిగా చూపాలి. ఇంకా మంచి దారి, 'ఇంత భూమి లోపు ఉన్నవాళ్లు ఎంత శాతం' అని కూడుకుంటూ పోయి, వర్గానికో గీత గీయడం.

మొదటి తరగతిలో ఇంకో మాయ ఉంది. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. పది సెంట్ల డీకేటీ పట్టా ఉన్నవాడూ, రెండుంబావు ఎకరా మామిడితోట ఉన్నవాడూ ఇద్దరూ అదే గడిలో ఉన్నారు. పైగా ఈ గణన సాగు కమతాల్నే లెక్కిస్తుంది. సెంటు భూమి లేని కూలీ ఈ గ్రాఫులో ఏ కడ్డీలోనూ లేడు. 'ఎస్సీ రైతుల్లో ఇంత శాతం' అన్నది 'ఎస్సీ కుటుంబాల్లో ఇంత శాతం' అని చదవకూడదు. భూమిలేని కుటుంబాల సంఖ్య వేరే సర్వే నుంచి తెచ్చి, 'సున్నా' అని ఒక కడ్డీ ఎడమపక్క గీసి చూడండి. బొమ్మ మొత్తం మారిపోతుంది.

8. చిన్న గుంపులు

విడగొట్టేకొద్దీ గడుల్లో మనుషులు తగ్గుతారు. శాంపిల్ సర్వేలో అయిదుగురిలో నలుగురు పాసైతే 80 శాతం. 500 మందిలో 400 మంది పాసైనా 80 శాతమే. మొదటి 80 వెనక నిజం 38 నుంచి 96 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. రెండో 80 వెనక 76 నుంచి 83 లోపు ఉంటుంది. 1927లో విల్సన్ చెప్పిన పద్ధతిలో వేసిన లెక్క ఇది, సాఫ్ట్‌వేర్ ఒక్క ఆజ్ఞతో చేసిపెడుతుంది. చుక్కకు అటూ ఇటూ ఆ మేర గీత గీసి, పక్కన మనుషుల సంఖ్య రాయాలి. అలా చేస్తే చిన్న కులాన్ని బొమ్మలోంచి తీసేయాల్సిన పని ఉండదు. 'శాంపిల్ తక్కువ' అని తీసేయడం మామూలు పద్ధతి, దానివల్ల పోయేది ఎప్పుడూ అట్టడుగు కులమే.

ఖాళీ గడులు కూడా మాట్లాడతాయి. కులం చెప్పనివాళ్ల వరుసల్ని సాఫ్ట్‌వేర్ చిన్న హెచ్చరికతో పక్కకు తోసేస్తుంది. వాళ్లను 'చెప్పలేదు' అనే గుంపుగా ఉంచండి. ఒక శాఖలో ఎస్టీ ఉద్యోగులే లేకపోతే ఆ గడి మాయం కాకుండా సున్నాగా నిలబడాలి.

దీనికి ఒక హద్దూ ఉంది. ఒక ఊళ్లో ఒక కులానివి ఒకటీ రెండు ఇళ్లే ఉంటే, ఊరి పేరుతో సహా గ్రాఫులో పెడితే ఆ కుటుంబాన్ని వేలెత్తి చూపినట్టే. అక్కడ ఊళ్లను కలిపి మండలంగా చూపాలి. కలపాల్సింది ఊళ్లను, కులాలను కాదు.

ఏం చేయాలి?

1900లో పారిస్ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి అరవై దాకా గ్రాఫులు తీసుకెళ్లాడు. అమెరికాలో, ముఖ్యంగా జార్జియా రాష్ట్రంలో నల్లజాతి ప్రజల భూమి, చదువు, వృత్తుల లెక్కలు సిరాతో, రంగులతో చేత్తో గీసినవి. బానిసత్వం పోయి నలభై ఏళ్లయినా కాని కాలం. నల్లవాళ్ల గురించి తెల్లవాళ్లు చెప్పే సగటుల మీద ఆధారపడకుండా, వాళ్లే గుంపులు కట్టుకుని వాళ్లే గీసుకున్నారు. ఇవాళ మన చేతిలో అంతకన్నా మంచి పనిముట్లున్నాయి.

మన దేశంలో అన్ని కులాల పట్టికలూ చివరిసారి అచ్చయింది 1931లో. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో కులాల వివరాలు బయటికి రాలేదు. 2025 ఏప్రిల్ 30న కేంద్ర ప్రభుత్వం వచ్చే జనాభా లెక్కల్లో కులాన్ని కూడా లెక్కించాలని నిర్ణయించింది. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టింది. గణకులు వచ్చినప్పుడు వాడల్లో ఎవరు ఏ పేరు రాయించుకుంటారు అన్నదాని మీదే తర్వాత వచ్చే ప్రతి గ్రాఫూ ఆధారపడుతుంది. ఆ ముచ్చట వాడల్లో ఇప్పుడే మొదలుపెట్టాలి.

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు అసెంబ్లీ స్థానాలూ అంతే. ఈ నియోజకవర్గాల మండలాలతో పని మొదలుపెట్టవచ్చు. శ్రీవెంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో మండలం తీసుకుని, 2011 పట్టికను నిలువుగా మార్చి, పై జాగ్రత్తలతో ఒక్క గ్రాఫు గీయండి. కింద నాలుగు మాటలు రాయండి: గుంపులు ఎవరు కట్టారు, ఎవరు ఈ లెక్కలో లేరు, తేడా తీసివేతలోనా రెట్లలోనా, ఒక్కో చుక్క వెనక ఎంతమంది మనుషులున్నారు. ఆ గ్రాఫు పట్టుకుని గ్రీవెన్స్ రోజున కలెక్టరాఫీసుకు పోదాం. జిల్లా సగటు చూపిస్తే, ఆ సగటులో ఎవరెవరు కలిసిపోయారో మనం చూపిద్దాం.